మెడ తిప్పే మర

చండూరు దాటి, బత్తాయి తోటలు ఒడిసిపోయి
గుండ్లు మొదలయ్యే కాడ
ట్రైపాడు మూడు కాళ్లు ఇప్పిన.
ఒకటి బండ మీద, ఒకటి మట్టిల,
మూడోదాని కింద పలుగురాయి ముక్క.
నీటిబుడగ నడిమికి వచ్చేదాక
ఊపిరి గూడ ఆచితూచి ఇడిసిన.

గ్రానైటు కంపెనీ ఫైల్ల
గుట్ట ఒక్క బొమ్మల ఉండాల్నట,
చుట్టూర, అతుకు కనబడకుండ.
అందుకే కిరాయికి తెచ్చిన ఈ తల,
మోటారు తల, పిడికిలంత, నల్లటిది,
రోజుకు పన్నెండు వందలు, డిపాజిట్ వేరే.

కెమెరాను దాని మీద కూసోబెట్టి
లెన్సు గుండె ఎక్కడున్నదో ఎతికిన.
ఇరుసు సరిగ్గ ఆ గుండెలకెల్లే పోవాలె.
నాలుగు మిల్లీమీటర్లు ఎనకకు జరిపిన.
లేకుంటే దగ్గరి తుమ్మచెట్టు
దూరపు గుట్ట మీద అబద్ధం చెప్తది.

ఫోన్ల దాని వైఫై దొరికింది. పోయింది. దొరికింది.
"ఇందుల ఇంటర్నెట్ లేదు" అన్నది ఫోను,
పిల్లను చూడవోతే
"పిలగానికి నౌకరి లేదా" అన్నట్టు.
లేకున్నా కలుపు అన్న.
కలిసింది.

వరుసకు పన్నెండు, మూడు వరుసలు,
ఆకాశానికి ఒకటి, కాళ్ల కిందికి ఒకటి.
ఒక్కో బొమ్మ పక్క బొమ్మ భుజం మీద
మూడో వంతు చెయ్యేసి నిలబడాలె.

మేకల ఎనక ఒకాయన వచ్చిండు.
"జరంత పక్కకు జరుగు తాతా" అన్న.
"నాకు యాభై రెండే. ఈదయ్య నా పేరు."
జరగలేదు.

మర తల తిప్పింది, ముప్పై డిగ్రీలు.
ఆగింది.
ఊగు తగ్గేదాక రెండు సెకండ్లు ఓపిక పట్టింది.
క్లిక్కుమన్నది.
మల్ల ముప్పై.

"అది పూర్తిగ తిరుగుతదా?"
"పూర్తిగ."
"నొయ్యదా?"

నేను ఫోన్లకు చూసుకుంట నిలబడ్డ.
"నాది తిరగక పద్దెనిమిదేండ్లు.
ఎనకనుంచి ఎవలన్న పిలిస్తే
మొత్తం మనిషినే తిప్పాలె, ఎడ్లబండిని తిప్పినట్టు."
బోరు నీళ్ల మాట ఆయన ఎత్తలే.
నేనూ ఎత్తలే.
పండ్ల మీది గోధుమరంగు గీతలు ఎత్తినయి.

ఫోను ఆయన చేతుల పెట్టిన.
మోచెయ్యి చాపరాదు, పొట్టకు ఆనిచ్చుకున్నడు.
మేకల దిక్కు మొకం, మర దిక్కు ఈపు.
బొటనేలు ఎడమకు గీరిండు.
పది అడుగుల ఎనక, తీగ లేకుండ, తాడు లేకుండ,
తల ఎడమకు తిరిగింది.
మల్ల గీరిండు. ఇంకింత.
స్క్రీన్ల బండలు, తొవ్వ,
తొవ్వ మీద నా బండి,
నల్ల మేక, దాని పిల్ల,
ఒక మనిషి ఈపు.

"ఎవలిది?"
"నీదే."
వేలు ఆడనే ఆపిండు.
శానసేపు చూసిండు.
"అంగీ చినిగింది గద ఎనక.
మా ఇంటామె చెప్పనే లేదు."

రాత్రి నల్లగొండల, రూమ్ల
ముప్పై ఎనిమిది బొమ్మలు కుట్టిన.
మేకలు తెగినయి,
ఒకదానికి రెండు తలలు, ఒకదానికి ఒక్కటి గూడ లేదు.
గాలికి తుమ్మకొమ్మలు పొగ లెక్క అయినయి.
రెండు బొమ్మల అతుకు మీద నిలబడ్డ ఈదయ్య మాత్రం
వెంట్రుక గూడ చీలకుండ వచ్చిండు.
మర ఎట్ల నిలబడమంటదో
అట్ల నిలబడ్డది ఆయన ఒక్కడే.

కంపెనీ సారు మెసేజ్ పెట్టిండు:
గుట్ట మీద మనుషులెవరూ ఉండొద్దు, తుడిసి పంపు.

కర్సరు ఆయన ఈపు మీదికి తెచ్చిన.
పెద్దగ చేస్తే చిరుగు కనబడ్డది,
కుడి రెక్క కింద, జానెడు,
దాంట్లకెల్లి పెయ్యి మీద పడ్డ పొద్దు.

పక్కన ఫోను ఇంక ఆ తలనే ఎతుకుతున్నది,
దొరకలేదు అంటున్నది, మల్ల ఎతుకుతున్నది.
తలను పొద్దుగూకకముందే
దుకాణంల అప్పజెప్పిన.